గీకిన చోటు

పశ్చిమ టెక్సాస్‌లోని ఆ యూనివర్సిటీలో డీన్లకు వయసు మీదపడేది కాదు. కనీసం ఫోటోల్లో. ఏటా అచ్చయ్యే వార్షిక నివేదికలో వాళ్ల కళ్ల కింది సంచులు తగ్గేవి, గడ్డం కింద వేలాడే రెండో గడ్డం మాయమయ్యేది, బట్టతల మీద మెరుపు అణిగేది. ఎలా జరుగుతోందని వాళ్లెవరూ అడగలేదు. అడిగితే ఆ భాగ్యం కాస్తా పోతుందని భయమేమో. కారణం మాత్రం పాత లైబ్రరీ బేస్‌మెంట్‌లో, డార్క్‌రూమ్ పక్క గదిలో, ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉండేది. పేరు హరనాథరావు. అమెరికా వాళ్ల నోట్లో హ్యారీ.

అమెరికా రాకముందు హరనాథ్ గుంటూరులో దామోదరం గారి స్టూడియోలో పధ్నాలుగేళ్లు రిటచింగ్ చేశాడు. పెళ్లిచూపులకు పంపే ఫోటోలన్నీ అతని చేతి మీదుగానే వెళ్లేవి. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో నెగెటివ్ మీద అద్దితే ముఖంలో గుంటలు పూడిపోతాయి. సన్నటి కత్తితో పైపైన గీకితే నెగెటివ్ మీది నలుపు పలచబడి, ఫోటోలో అక్కర్లేని తెలుపు పోతుంది. అమ్మవారు పోసిన ముఖాలను ఎన్నింటినో అతను మీగడలా చేసి పంపాడు. దామోదరం గారు పెట్టిన నియమం ఒక్కటే. "ముఖం మీద చెయ్యి వేసే ముందు, దేవుడిచ్చిన ముఖాన్ని ఒక ప్రింటు తీసి దాచరా. రేపెవరైనా వచ్చి ఇది మా అమ్మాయి కాదంటే చూపించడానికి ఉండాలి." ఆ అలవాటు హరనాథ్‌కు ఒంటబట్టింది. ఏ నెగెటివ్‌నైనా ముట్టుకునే ముందు దాన్ని కాగితం మీద బోర్లించి, లైటు వేసి, ఉన్నదున్నట్టు ఒక ప్రింటు తీసి, వెనక తేదీ రాసి సొరుగులో పడేసేవాడు. గుంటూరు వదిలి తొమ్మిదేళ్లయినా, ఇది మా అమ్మాయి కాదని టెక్సాస్‌లో ఎవరూ రాకపోయినా, ఆ పని మానలేదు.

భార్య భానుమతి నర్సు. డెబ్భై నాలుగులో ఆమెకు ఇక్కడి హాస్పిటల్లో ఉద్యోగం వచ్చింది. ఆమె వెనక సూట్‌కేసు మోసుకుంటూ ఇతను వచ్చాడు. ఊళ్లో ఉన్న నాలుగు తెలుగు ఇళ్లలో భార్య వెంట వచ్చిన మొగుడు ఇతనొక్కడే. ఎవరైనా ఆ మాటంటే, "అవునండీ, నేను ఆవిడ లగేజీని" అని తనే ముందు నవ్వేవాడు. యూనివర్సిటీలో ఫోటోగ్రాఫర్‌గా పని దొరికాక మాత్రం అతనికి ఆ ఊరు స్వర్గమైపోయింది. ఎందుకంటే ఆ ఉద్యోగంలో సగం పని నోరు తెరుచుకుని చూడటమే. వెటర్నరీ వాళ్ల దొడ్లో ఒక ఆవుకు పొట్టలో కిటికీ ఉండేది. రబ్బరు మూత తీసి లోపలికి చెయ్యి పెడుతుంటే అది తీరిగ్గా నెమరేసుకునేది. జువాలజీలో గుడ్డు పెంకు మీద చిల్లు పెట్టి చూపించారు. లోపల ఇంకా కోడి కాని కోడికి ఆవగింజంత గుండె కొట్టుకుంటోంది. ఎనభై ఒక్కేళ్ల ముసలావిడ డిగ్రీ తీసుకుంటూ ప్రెసిడెంట్ చెయ్యి వదల్లేదు. ఫోటో అయిపోయింది, ఇక వదలండని ఆయనే అడగాల్సి వచ్చింది. ఇవన్నీ సాయంత్రం ఇంటికొచ్చి చెబుతుంటే, "మీకు జీతం ఇవ్వడం కాదు, మీ దగ్గరే టికెట్ వసూలు చెయ్యాలి" అనేది భానుమతి.

ఆస్ట్రానమీలో పీహెచ్‌డీకి వచ్చిన జయంతిది బాపట్ల. వచ్చిన కొత్తలో ఐడీ కార్డు ఫోటో కోసం బేస్‌మెంట్‌కు దిగింది. ఎడమ కనుబొమ పైన ఆటలమ్మ మచ్చ ఒకటి, పెసరగింజంత. హరనాథ్ అలవాటు కొద్దీ దాన్ని తీసేశాడు. ఆ ఫోటో ఇంటికి పంపితే వాళ్లమ్మ, "పిల్ల బాగుంది, ఎవరమ్మా నీ ఫ్రెండా?" అని రాసిందట. జయంతి ఆ ఉత్తరం తెచ్చి చదివి వినిపించి పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి ఆమెకు అతను బాబాయి, భానుమతి పిన్ని. ఆదివారం భోజనం వాళ్లింట్లోనే.

జయంతి పని ఏమిటంటే కాపలా. నాలుగు గంటలు డ్రైవ్ చేస్తే వచ్చే కొండ మీద యూనివర్సిటీ టెలిస్కోప్ ఉంది. నెలనెలా అక్కడికెళ్లి, అవే అరవై గాలక్సీలను గాజు పలకల మీద ఫోటోలు తియ్యాలి. వాటిలో ఎప్పుడైనా ఎక్కడైనా ఒక నక్షత్రం పేలితే, అంతకుముందు లేని చోట కొత్త వెలుగు కనిపిస్తుంది. దాన్ని పుట్టగానే పట్టుకోవాలి. మూడేళ్లుగా ఒక్కటీ పేలలేదు. ఈ వేసవి దాకా చూసి, ఏమీ దొరక్కపోతే టెలిస్కోప్‌ను వేరేవాళ్లకు ఇచ్చేస్తానని ఆమె ప్రొఫెసర్ విట్‌కమ్ తేల్చి చెప్పాడు. థీసిస్ అక్కడితో ఆగినట్టే.

ఎనభై మూడు మార్చిలో ఒక శుక్రవారం పొద్దున జయంతి చెక్కపెట్టె పట్టుకుని వచ్చింది. కళ్లు గుంటల్లోకి పోయి ఉన్నాయి.

"బాబాయ్ గారూ, బ్రోషర్‌కి గాలక్సీ ఫోటో కావాలని డీన్ ఆఫీస్ ప్రాణం తీస్తోంది. సాయంత్రం లోపల ఇవ్వాలట. ఇవి రెండూ ఒకే గాలక్సీ. ఇది లాస్ట్ ఇయర్ ప్లేటు, ఇది మొన్న బుధవారం తీసింది. ఏది షార్ప్‌గా ఉంటే అది ప్రింట్ చేసేయండి."

"కొత్తది నువ్వు చూసుకున్నావా?"

"ఇంకా చెక్ చేయలేదు. మండే చేస్తాను. మూడు నైట్స్ అయింది పడుకుని. మూడేళ్ల నుంచీ లేనిది ఈ రెండు రోజుల్లో ఏముంటుంది?"

"ఇంటికెళ్లు. తాళం పూలకుండీ కింద ఉంది. మీ పిన్ని ఫ్రిజ్‌లో పప్పుచారు పెట్టింది, తిని పడుకో."

ఆమె వెళ్లాక హరనాథ్ కొత్త పలకను అడుగున దీపం వెలిగే లైటుబల్ల మీద పెట్టాడు. అది నెగెటివ్ కాబట్టి ఆకాశం తెల్లగా, నక్షత్రాలు మిరియాల పొడి చల్లినట్టు నల్లగా ఉన్నాయి. మధ్యలో సుడి తిరిగిన పొగ మరకలా గాలక్సీ. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. ముందు ఎప్పటిలాగే పలకను కాగితం మీద బోర్లించి ఉన్నదున్నట్టు ఒక ప్రింటు తీశాడు. వెనక తేదీ రాసి సొరుగులో వేశాడు. అప్పుడు భూతద్దం పెట్టుకుని పనిలోకి దిగాడు.

సుడి అంచున ఒక నల్లచుక్క కనిపించింది. గుండ్రంగా, ముద్దుగా ఉంది కానీ ఆ చోట కళ్లకు అడ్డంగా ఉంది. ఫోటో కడిగే డెవలపర్‌లో కరగని మందు రేణువు పడితే ఇలాంటి చుక్కలే పడతాయి. గుంటూరులో ఇలాంటివి వేలు చూశాడు. అయినా హరనాథ్ తొందరపడే మనిషి కాదు. పాత పలకను పక్కన పెట్టి, ఆ చోటనే భూతద్దంతో వెతికాడు. పాతదాంట్లో చుక్క లేదు. నిజం నక్షత్రమైతే పోయినేడు కూడా ఉండాలి కదా. లేదు కాబట్టి ఇది మచ్చే. ఇంత జాగ్రత్తగా సరిచూసుకున్నందుకు తనను తనే మెచ్చుకుని, కత్తి తీసి, ఊపిరి బిగపట్టి మూడుసార్లు పైపైన గీకాడు. చుక్క పోయింది.

ప్రింటు అద్భుతంగా వచ్చింది. నాలుగింటికి డీన్ ఆఫీసులో ఇస్తే అక్కడి సెక్రటరీ ప్రింటు వెనక తేదీ, టైము స్టాంపు గుద్ది, హ్యారీ చేతిలో మంత్రముందని పొగిడింది. సోమవారం జయంతి పలకలు తీసుకెళ్లి చూసుకుంది. కొత్తదేమీ కనిపించలేదు. కనిపించదు మరి.

మంగళవారం పదకొండింటికి ఆమె మళ్లీ బేస్‌మెంట్‌కు దిగింది. చేతిలో అదే పలక. ముఖం ఏడ్చిన ముఖమో, నవ్వే ముఖమో తెలియకుండా ఉంది.

"పేలింది బాబాయ్ గారూ. నా గాలక్సీలోనే. శనివారం ఆస్ట్రేలియాలో ఎవరో స్కూల్ టీచర్ పెరట్లో టెలిస్కోప్ పెట్టుకుని చూశాడట. ఈ మార్నింగ్ టెలిగ్రామ్ వచ్చింది." పలకను లైటుబల్ల మీద పెట్టి గోటితో చూపించింది. "ఇదిగో, ఇక్కడ. బుధవారం నేను తీసేసరికి ఏమీ లేదు. మూడు రోజులు బాబాయ్ గారూ! మూడేళ్లు కూర్చున్నాను, మూడు రోజుల ముందు లేచి వచ్చేశాను."

ఆమె గోరు ఎక్కడుందో హరనాథ్ చూశాడు. శుక్రవారం తను గీకిన చోటే.

"బుధవారం రాత్రికి అక్కడ నక్షత్రం లేదని ప్రొఫెసర్ నాలుగింటికి రిపోర్ట్ పంపుతారు. అది కూడా ముఖ్యమేనట, అది ఎప్పుడు పేలిందో లెక్క వేయడానికి. నాకు క్రెడిట్ ఏమీ రాదనుకోండి. ఈ ప్లేటుకి మంచి కాపీ ఒకటి త్రీ కల్లా కావాలి. ఏంటి బాబాయ్ గారూ, అలా చెమటలు పట్టాయి?"

"ఏం లేదమ్మా. ఉక్కగా ఉంది."

ఆ గదిలో ఏసీ ఎప్పుడూ చలి పుట్టించేది. అయినా జయంతి పట్టించుకోకుండా వెళ్లిపోయింది. హరనాథ్ తలుపు వేసి, సొరుగు తెరిచి, శుక్రవారం తీసిన ప్రింటు బయటికి తీశాడు. నల్లటి ఆకాశం మీద తెల్లటి సుడి, సుడి అంచున తెల్లగా, స్పష్టంగా నక్షత్రం. జయంతి మూడేళ్లు వెతికింది అతని సొరుగులో, డీన్ గారి నెరిసిన కనుబొమల ప్రింటు కింద, నాలుగు రోజులుగా పడి ఉంది.

ఆ వెలుగు బయల్దేరి రెండు కోట్ల ఏళ్లయిందని ఒక ఆదివారం అన్నంలో పెరుగు కలుపుకుంటూ జయంతి చెప్పింది. అప్పటికి మనిషన్నవాడు పుట్టలేదు. దారిలో దేనికీ తగలకుండా, ఎక్కడా ఆగకుండా, అంత చీకటి దాటుకుంటూ వచ్చి, బాపట్ల పిల్ల ఒకతె టెక్సాస్ కొండ మీద తెరిచి పెట్టిన గాజు పలక మీద వాలింది. అన్నీ దాటింది కానీ గుంటూరు కత్తిని దాటలేకపోయింది. హరనాథ్ ఆ ప్రింటుకు దణ్ణం పెట్టాడు. అలా ఎందుకు పెట్టాడో అడిగితే అతను చెప్పలేడు. భూమ్మీద ఇన్ని కోట్ల మందిలో దాన్ని మొదట కళ్లారా చూసినవాడు తనేనని కూడా అప్పుడే తట్టింది. ఒళ్లు జలదరించింది. వెంటనే సిగ్గేసింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. సొరుగులో ప్రింటు చింపితే సరిపోతుంది. కానీ నాలుగింటికి ఆ రిపోర్టు వెళితే, బుధవారం లేదన్న అబద్ధం ఆకాశం లెక్కల్లో శాశ్వతంగా ఉండిపోతుంది, జయంతి పేరు మీద. హాస్పిటల్‌కు ఫోన్ చేసి భానుమతిని లైన్లోకి పిలిపించాడు. జరిగింది చెప్పాడు.

"ఉద్యోగం పోతుందా?" అంది భానుమతి.

"పోవచ్చు."

"జయంతి?"

"ఇక మనింటికి రాకపోవచ్చు."

భానుమతి మెల్లగా అంది. "తప్పు మందు ఇచ్చి, తెలిసీ నోరు మూసుకున్న నర్సు ఒకతె ఉండేది ఇక్కడ. ఆమెను నేను ఇప్పటికీ క్షమించలేదు. మిమ్మల్ని క్షమిస్తాననుకోకండి. లేవండి, వెళ్లండి."

విట్‌కమ్ గది మూడో అంతస్తులో. జయంతి కూడా అక్కడే కూర్చుని ఉంది. హరనాథ్ పలక, ప్రింటు రెండూ బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పాడు. పాత పలకతో పోల్చి చూసుకుని మరీ గీకానని కూడా చెప్పాడు. జయంతి కుర్చీలో అలాగే ఉండిపోయింది. ఆమె అతని వంక చూడలేదు. అరిచినా బాగుండేదనుకున్నాడు అతను.

విట్‌కమ్ ప్రింటును చాలాసేపు చూశాడు. పొడుగాటి మనిషి, కోపం వస్తే గొంతు ఇంకా తగ్గుతుంది. "హ్యారీ, పోయినేడు నా ఫోటోలో నువ్వు పదేళ్లు తగ్గించావు. నా భార్య దాన్ని ఫ్రేము కట్టించింది. చుక్క తీసెయ్యగలిగినవాడివి చుక్క పెట్టగలవా?"

"పెట్టగలను సర్. కాగితం మీద మీరు పోల్చుకోలేనంత బాగా పెట్టగలను."

"మరి ఈ ప్రింటును నేనెలా నమ్మను? నేను నమ్మినా లోకం నమ్ముతుందా? మంగళవారం వార్త వచ్చింది, మంగళవారమే నీ సొరుగులోంచి నక్షత్రం వచ్చింది."

పధ్నాలుగేళ్లు అక్కడ, తొమ్మిదేళ్లు ఇక్కడ, హరనాథ్ సంపాదించుకున్న పేరంతా అబద్ధాన్ని నిజంలా చేస్తాడనే. ఇవాళ ఒక్క నిజం చెబుతుంటే ఆ పేరే అడ్డం పడింది. నాకీ శాస్తి కావలసిందేననుకున్నాడు.

అప్పుడు జయంతి లేచింది. పలక తీసుకుని పక్క గదిలో కొలతలు తీసే మైక్రోస్కోప్ కింద పెట్టింది. ముప్పావుగంట ఆ గదిలోంచి మరలు తిప్పే చప్పుడు, పెన్సిల్ చప్పుడు, మధ్యలో ఒకసారి ఫోన్లో మాటలు తప్ప ఏమీ లేదు. హరనాథ్ నిలబడే ఉన్నాడు, విట్‌కమ్ కూర్చోమనలేదు. చివరికి ఆమె ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

"ప్రొఫెసర్, ప్రింటుని పక్కన పెట్టండి. గీకిన చోటు మెజర్ చేశాను. కత్తి గాటు సెంటర్, ఆస్ట్రేలియా వాళ్లు ఇచ్చిన పొజిషన్, రెండూ ఒకటే. వెంట్రుకవాసి తేడా లేదు."

"గీకింది ఎప్పుడో ఎలా తెలుస్తుంది?"

"డీన్ ఆఫీస్ ప్రింట్ వెనక స్టాంప్ ఉంది. ఫోన్ చేసి కనుక్కున్నాను. శుక్రవారం, నాలుగు పది. భూతద్దం పెట్టి చూస్తే అందులో అక్కడ గాటు తెలుస్తోందట. శనివారం దాకా ఆ చోటు సంగతి భూమ్మీద ఎవరికీ తెలియదు. పలక మీద వేల చుక్కలున్నాయి. సరిగ్గా అక్కడే ఎందుకు గీకుతారు? అక్కడ ఏదో ఉంటేనే కదా! లేనిదాన్ని ఎవరు గీకుతారు సర్?"

విట్‌కమ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. అప్పుడు జయంతి మొదటిసారి హరనాథ్ వైపు తిరిగి తెలుగులో అంది, "రండి. మీరు పూర్తిగా గీకలేదు."

అతను మైక్రోస్కోప్‌కు కన్ను ఆనించాడు. తెల్లటి గాజు మీద తన కత్తి చేసిన మూడు చాళ్లు. చాళ్ల అడుగున, చాళ్ల అంచుల చుట్టూ, సన్నగా, నల్లగా, కొన్ని రేణువులు గుండ్రంగా మిగిలి ఉన్నాయి. పైపైన తప్ప లోతుగా గీకకూడదని దామోదరం గారు చేతి మీద కొట్టి నేర్పినందుకు మిగిలాయి. తన చెయ్యి అంతటి దాన్ని పూర్తిగా చెరపలేకపోయింది. హరనాథ్‌కు కళ్లలో నీళ్లు తిరిగి, చుక్క మసకైపోయింది. కన్ను తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. ఎవరూ అతన్ని లేవమనలేదు.

నాలుగింటి రిపోర్టు ఆరింటికి వెళ్లింది. నక్షత్రాన్ని కనిపెట్టిన పేరు ఆస్ట్రేలియా టీచరుదే. కానీ దాన్ని అందరికంటే ముందు, పేలిన కొత్తలో, పట్టుకున్న పలక మాత్రం జయంతిది. ఏప్రిల్లో ఆ సంగతి అచ్చయింది. కింద ఒక వాక్యం ఉంది: ఫోటోగ్రాఫర్ పొరపాటున పలక ఆ చోట దెబ్బతిన్నది, దెబ్బకు ముందు తీసిన ప్రింటు జతపరచడమైనది. హరనాథ్ జీవితంలో అచ్చయిన అతని తప్పు అదొక్కటే. భానుమతి ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. తియ్యమంటే తియ్యలేదు.

ఉద్యోగం పోలేదు. విట్‌కమ్ డీన్‌తో ఏం చెప్పాడో తెలియదు. జయంతి మాత్రం రెండు ఆదివారాలు రాలేదు. ఆ రెండు వారాలూ హరనాథ్‌కు ముద్ద దిగలేదు. మూడో ఆదివారం తలుపు కొట్టి, చెప్పులు విప్పుతూ, "పిన్నీ, పప్పుచారేనా?" అంది. అంతే.

మే నెలలో ఆస్ట్రానమీ న్యూస్‌లెటర్‌కు ఆమె ఫోటో కావాలన్నారు. పలక పక్కన నిలబెట్టి తీశాడు. ఉన్నదున్నట్టు ఒక ప్రింటు తీసి, నెగెటివ్‌ను బల్ల మీద పెట్టి, పెన్సిల్ చెక్కి, భూతద్దం కిందికి వంగాడు. ఎడమ కనుబొమ పైన పెసరగింజంత మచ్చ. ఏ వేసవిలోనో, ఎన్నేళ్లప్పుడో, వేపాకుల మధ్య పడుకోబెట్టిన పిల్ల గోకకుండా ఉండలేక ఒక్కటి గోకేసుకుని ఉంటుంది. బాపట్ల నుంచి అన్నీ దాటుకుని ఇంతదూరం ఆమెతో వచ్చింది. హరనాథ్ దాన్ని చూస్తూ కూర్చున్నాడు. పెన్సిల్ అతని చేతిలోనే ఉంది.

న్యూస్‌లెటర్ వచ్చిన రోజు జయంతి దాన్ని పట్టుకుని బేస్‌మెంట్‌కు దిగింది. ఫోటో విప్పి అతని ముందు పెట్టి, కనుబొమ మీద వేలు పెట్టుకుంది.

"బాబాయ్ గారూ, ఈసారి మచ్చ చూడలేదా?"

"చూశానమ్మా," అన్నాడు హరనాథ్. "ఈసారే చూశాను."